టెర్మినల్ లేని ప్రోగ్రాం

1979 ఆగస్టు 6, సోమవారం

మళ్ళీ ఆగిపోయింది. శనివారం నేను సంగారెడ్డి బస్సు కోసం లాగౌట్ చేసి లేచేదాకా నా ప్రోగ్రాం పంపు బేరింగు వేడిని బాగానే రాసింది. తర్వాత ఒక్క అంకె లేదు. సెకండ్ షిఫ్టులో ఫోర్‌మన్ నర్సింహ గారు కంప్యూటర్ రూముకి ఫోన్ చేసి వేడి ఎంతుందని అడిగారట. ఫైల్లో ఆఖరి అంకె చూసి ఆపరేటర్ యూసుఫ్ చల్లగా ఉందన్నాడు. ఆయన బేరింగు మీద చెయ్యి పెట్టారు. కుడి అరచేయంతా బొబ్బలు.

యూసుఫ్ పొద్దుట్నుంచీ టీ ముట్టలేదు.

ఆగస్టు 7

నేను లేకపోయినా వెనకాల నడవమనే కదా ప్రోగ్రాంకి చెప్పాను. నేను వెళితే అదెందుకు పోవాలి?

మాన్యువల్ తిరగేశాను. లాగౌట్ చేసి టెర్మినల్ (మేం టైపు కొట్టే యంత్రం) లైను తెగగానే దాని కింద పుట్టిన ప్రోగ్రాంలన్నిటికీ 'హాంగప్' అని ఒక సిగ్నల్ వెళుతుంది. అందుకున్నది చస్తుంది... దాన్ని పట్టించుకోవద్దని ముందే చెప్పొచ్చు. ఒక్క లైను!

ఆగస్టు 8

బతికింది. కానీ నా తర్వాత అదే టెర్మినల్ దగ్గర కూర్చున్న స్టోర్స్ రావుగారి కాగితం నిండా బేరింగు వేడి. ఆయన కాగితం చింపి నా బల్ల మీద పెట్టి వెళ్ళారు.

ఆగస్టు 10

చదవడానికొకటి, రాయడానికొకటి, తప్పులు చెప్పుకోడానికొకటి — ప్రోగ్రాం పుట్టేసరికే టెర్మినల్ వైపు మూడు దారులు తెరిచి ఉంటాయి. మూడూ మూశాను. రాత ఇక ఫైల్లోకే.

ఇంకొకటి. ప్రోగ్రాం తనలాంటి పిల్లను పుట్టించి తాను తప్పుకుంటుంది. పిల్లను మెషీన్‌లో మొట్టమొదట పుట్టిన, ఒకటో నంబరు ప్రోగ్రాం చేరదీస్తుంది. తల్లి నంబరు ఉండాల్సిన చోట 1 అని అచ్చయింది. 

ఇలా కనబడకుండా వెనకాల పనిచేసేవాటిని డీమన్ అంటారని చెప్పాను. జిన్ను లెక్కనా అన్నాడు యూసుఫ్. ఇన్నాళ్ళకి నవ్వాడు.

ఆగస్టు 13

"మేడం, డిస్కు తీయనిస్తలేదు. ఎవరో వాడుతున్నరంటది," యూసుఫ్ వచ్చి చెప్పాడు.

ఎవరో కాదు, నా ప్రోగ్రామే. ఆ డిస్కు డైరెక్టరీలోనే కూర్చుని ఉంది. పుట్టగానే మెషీన్ లేచే డిస్కులోని రూట్ డైరెక్టరీకి పొమ్మని రాశాను. ఆ డిస్కు ఎలాగూ ఎవరూ తీయరు.

ఆగస్టు 14

అన్నీ మూసినా, నడుస్తున్న ప్రోగ్రాంల లిస్టులో దాని పక్కన ఇంకా ఆ టెర్మినల్ పేరే. కానీ టైము ప్రకారం పనులు నడిపే ప్రోగ్రాం పక్కన మాత్రం, ఏ టెర్మినలూ లేదన్నట్టు, ప్రశ్నార్థకం! అదెక్కడ పుట్టింది? — మెషీన్ లేచేటప్పుడు, ఏ టెర్మినలూ తెరవకముందే.

మెషీన్ లేవగానే నడిచే పనుల్లో నాదాన్నీ చేర్చాను. యూసుఫ్ మెషీన్ ఆపి మళ్ళీ లేపాడు.

ప్రశ్నార్థకం.

ఆగస్టు 16, గురువారం

నిన్న సెలవు. కంప్యూటర్ రూములో ఎవరూ లేరు. కానీ ఫైల్లో మధ్యాహ్నం బేరింగు వేడెక్కి, మెల్లగా చల్లారినట్టుంది. పంపు ఎవరు నడిపారు? కాగితం పట్టుకుని పంపు షెడ్డుకి వెళ్ళాను.

నర్సింహ గారు కట్టుతో ఉన్నారు. నిన్న జెండా వందనానికని తన ఊరు లక్డారం నుంచి వచ్చి షెడ్డులోనే ఆగిపోయారట.

"నేనే నడిపిన. మీరు లేకుంటే అది సూస్తదో లేదో అని."

కాగితం ఇచ్చాను. ఎడమచేతి వేలితో అంకెల వెంట మెల్లగా కిందికి వచ్చారు. పంపు ఏ టైముకి ఆపారో ఆయనకు గుర్తుంది. అక్కడే దిగింది అంకె. తల ఊపారు.

"మంచిగ రాసింది. గని వేడెక్కితే నాకెట్ల చెప్తదమ్మా?"

 దాని దారులు మూసింది నేనే. పోనీ షెడ్డులో ఒక టెర్మినల్ పెట్టించి, దాన్ని తెరిచి చెప్పమంటే — టెర్మినల్ లేని ప్రోగ్రాం మొదట ఏ టెర్మినల్‌ని తెరిస్తే దాని కిందకే వెళ్ళిపోతుందట. అక్కడ ఎవరు ఆపు మీట నొక్కినా ఇదీ ఆగిపోతుంది, మళ్ళీ మొదటికే...

ఒక పిల్లను పుట్టించి, చెప్పే పని దానికే అప్పగిస్తే? చెప్పి పోతుంది. పిల్ల టెర్మినల్ కింద చేరితే తల్లి కూడా చేరుతుందా? మాన్యువల్‌లో ఆ మాట లేదు.

రేపు మొదటి షిఫ్టులోనే నర్సింహ గారు పంపు నడుపుతారట; ఈలోగా రాసి చూడాలి.