శీను నడిచిన కొండదారి

2003 ఫిబ్రవరి, ఆదివారం రాత్రి. అండమాన్.

కాళ్లు పీకుతున్నాయి. మా పెద్దోడు శీను ఇక్కడ కొలువు చేసినప్పుడు ఉత్తరాల్లో రాసిన కొండదారి ఇవాళ ఎక్కాను. వాడు పోయి ఏడాదైంది. పక్కనే పాతాళం, కింద సముద్రం.

"గిది మన శామీర్‌పేట చెరువుకట్ట అనుకున్నవా? పైలంగ నడువు!" అని మా ఆయన కసిరాడు. చెయ్యి మాత్రం వదల్లేదు.

పైన బండ మీద మేడ్చల్ నుంచి తెచ్చిన సకినాలు వాడి పేరున పెట్టాను. కాకి వచ్చింది గానీ ముట్టలేదు. ముట్టకపోతే కోరిక మిగిలినట్టే.

"నీ తమ్మున్ని మంచిగ సదివిస్తం బిడ్డా," అన్నాడాయన. కాకి కదల్లేదు.

"ఇగ నేను ఏడ్వను బిడ్డా," అన్నాను.

కాకి సకినం ముక్క కరుచుకుని ఎగిరిపోయింది.

ఇప్పుడు ఏడిస్తే వాడికి మళ్లీ ఆకలవుతుందేమో. ఇంటికి పోయాక వాడి చొక్కాలు చూసి ఎట్లా ఆపుకోవాలో...