టార్పాలిన్ ముడి

19-3-2024, మంగళవారం

కాలనీలో ఉరి కేసు. శివలీల, ఇరవై ఆరేళ్లు, ఇంట్లో జాకెట్లు కుడుతుంది. మొగుడు వీరభద్ర సిమెంటు లారీ డ్రైవర్. ఎస్సై గారు అహోబిలం బందోబస్తులో ఉన్నారు. హెడ్ కానిస్టేబుల్ నరసన్న బండి పంక్చర్. నేనొక్కడినే ముందు వెళ్లాను.

దూలం దగ్గర తాడు కోసి, అప్పటికే చాప మీద పడుకోబెట్టారు. మెడకు ఉచ్చు అలాగే ఉంది. తల్లి హంపమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. నా బిడ్డకు ఆ ముడి ఇప్పప్పా, ముడి ఉంటే జీవం యాడికి పోతాది అని ఒకటే ఏడుపు. ముడి జోలికి పోకూడదు. పక్కన కోసి, ముడి ముడిగానే సీల్ చేయాలి. ట్రైనింగ్‌లో నాలుగుసార్లు రాయించారు. అయినా విప్పాను. ఒక్క గుంజుకే ఊడింది.

అదే రోజు, సాయంత్రం 6

ముడి ఎవరు విప్పారు ఉరుకుందూ అని నరసన్న నన్ను అడిగాడు. సస్పెన్షన్ గుర్తొచ్చింది. తల్లి అన్నాను. పంచనామాలో అదే రాశాడు. హంపమ్మకు చదువు రాదు, కింద వేలిముద్ర వేసింది. వేసి, నీ కడుపు సల్లగుండాల నాయనా అంది నాకు.

20 మార్చి

పోస్టుమార్టం. వేలాడేటప్పటికి ప్రాణం ఉందట, ఊపిరాడకే పోయిందట. తల వెనక దెబ్బ కూడా ఉంది. తనే వేలాడిందా, స్పృహ లేనప్పుడు ఇంకొకరు వేలాడదీశారా అన్నది మెడను చూసి చెప్పలేనన్నారు డాక్టర్ ప్రసన్నకుమారి మేడమ్. ముడి ఉంటే చెప్పేదాన్ని, ఏ బుద్ధిలేనోడు విప్పాడు అని విసుక్కున్నారు. కాగితం చూసి, తల్లా, పాపం అన్నారు.

తాడు కవర్ నా చేతిలోనే ఉంది.

21 మార్చి

అన్నం సయించలేదు.

23 మార్చి

బైపాస్ దగ్గర డ్యూటీ. ఎవరో లారీకి టార్పాలిన్ బిగిస్తున్నారు. ఒక కొస లాగితే బిర్రుగా పట్టేస్తుంది, రెండో కొస గుంజితే ఒక్క దెబ్బకు ఊడుతుంది. కానిస్టేబుల్ కాకముందు ఆరేళ్లు ఎర్రగుంట్లలో లారీ క్లీనర్ని. రోజుకు ఇరవైసార్లు వేసిన ముడి. మంగళవారం నా వేళ్లు ఆ రెండో కొసను వెతుక్కోలేదు. నేరుగా దాని మీదికే పోయాయి.

జాకెట్లు కుట్టుకునే పిల్లకు ఆ ముడి ఎక్కడిది?

అది చూసింది నేనొక్కడినే. ఊడగొట్టిందీ నేనే.

26 మార్చి

ఎస్సై గారు హంపమ్మను పిలిపించి, ముడి ఎందుకు విప్పావని గద్దించారు. ఆమె నా వైపు చూసింది. నేను నేల చూశాను. నేనే ఇప్పినా సారూ, తెలీక ఇప్పినా, నా బిడ్డ మాత్రం ఉరి పోసుకునేది కాదు అంది. ఎదురు బెంచీ మీద నుంచి వీరభద్ర, ముసలిదానికి మతి లేదు సార్ అన్నాడు.

బయట ఆమె నా భుజం తట్టింది. నీకు పిల్లలుండారు గదప్పా, ఉద్యోగం పోతే ఎట్ల అంది. కూతురు పోయిన మనిషి నన్ను కాపాడుతోంది. సిగ్గుతో చచ్చిపోయాను.

27 మార్చి

నా భార్య రమణికి అంతా చెప్పాను. పొయ్యి ఆపేసి కూర్చుంది. తర్వాత లేచి యూనిఫాం ఇస్త్రీ చేసి ఇచ్చింది.

28 మార్చి

ముడి విప్పింది నేనేనని స్టేట్‌మెంట్ ఇచ్చాను. సస్పెన్షన్ ఆర్డరు రేపొస్తుంది. వీరభద్రనూ హంపమ్మనూ మళ్లీ పిలిపించారు. ఆ ముడి కట్టి చూపించు ఉరుకుందూ అని ఎస్సై గారు కొత్త తాడు ఇచ్చారు. బెంచీ కాలికి కట్టాను. వీరభద్ర తల తిప్పుకున్నాడు.

విప్పబోతే హంపమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఇప్పొద్దప్పా అంది.