నాలుగో రేసులో ఆరో నంబరు

సెంటినరీ కాలనీ,
27-10-2005, గురువారం.

జమున బాపుకు, నీ పెండ్లాం సమ్మవ్వ దండం పెట్టి, ఎవరితోనూ రాయించకుండా సొంతంగా రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేను, శివ, కోడలు బాగున్నాము. అక్కడ నువ్వు, జమున, అల్లుడు, పిల్లలు బాగుండాలని పొద్దున దీపం పెట్టేటప్పుడు మొక్కుకున్నాను. జమునతో నువ్వు రాయించిన ఉత్తరం నిన్న చేరింది. కవరు అంచు కొంచెం లేచి ఉంది. ఎవరైనా విప్పి చదివి మళ్లీ అంటించారా అని పోస్టుమ్యాన్‌ను అడిగాను. "నీ ఉత్తరంల ఏం బంగారం ఉన్నదవ్వా, ఇప్పి చూడనీకి?" అని నవ్వుకుంటూ సైకిలెక్కాడు. ఆ నవ్వు కూడా నాకు నచ్చలేదు. అందుకే ఈ కవరును అన్నం మెతుకులతో రెండుసార్లు అంటించాను. అంచు లేచి ఉంటే తప్పకుండా రాయించు.

కంటి ఆపరేషను బాగా అయిందని, నెల దాకా చదవొద్దని, వంగొద్దని, తలస్నానం చెయ్యొద్దని చెప్పారని రాయించావు. సంతోషం. కానీ కంట్లో వేసే చుక్కల సీసా మూత నీ ముందే విప్పారా, ముందే విప్పి ఉందా? సీసా మీద తారీఖు జమునను చూడమను. దవాఖానలో పక్క మంచం మీద మంచిర్యాల మనిషి ఉన్నాడని, మన సంగతులన్నీ అడుగుతున్నాడని రాయించావు. అన్నీ చెప్పకు. మంచం పక్కన ఉన్నంత మాత్రాన చుట్టం కాడు.

పెరట్లో బీర తీగ కాస్తున్నదా అని అడిగావు. కాస్తున్నది. మొన్న తొమ్మిది పిందెలు చూశాను, నిన్న ఏడే ఉన్నాయి. ఎవరినీ ఏమీ అనలేదు. చూస్తున్నాను. శివకు ఈ వారం రెండో షిఫ్టు పడింది. బొగ్గు బావిలోకి దిగే ముందు టోపీ లైటు వెలుగుతున్నదో లేదో రెండుసార్లు చూసుకోమని రోజూ చెబుతున్నాను. "సాలు తియ్యవ్వా" అంటాడు, వింటాడో లేదో తెలియదు.

మన ఇంటి ముందు గద్దె మీదికి రేసు మనుషులు వస్తున్నారా అని కూడా అడిగావు. ఆ ఒక్క మాటకు జవాబు రాయడానికే పొద్దటి నుంచి కూర్చున్నాను. ఎవరూ రావడం లేదు బాపూ. పోయిన శనివారం గద్దె కడిగి చాప వేసి ఉంచాను. ఒక్కరూ రాలేదు. చాప తీసి లోపల పెట్టాను.

ఇది నీకు చదివి వినిపించేది జమున. దానికి పెండ్లి అయిన తర్వాతనే నీకు ఈ గుర్రాల పని అంటుకుంది, దానికేమీ తెలియదు. అర్థం కాకుండా చదివితే మధ్యలో ఆగి ఏదేదో అడుగుతుంది. కాబట్టి దాని కోసం మొదటి నుంచి రాస్తాను, నువ్వు విసుక్కోకు.

బిడ్డా, మీ బాపు పందెం కాయడు. ఏ గుర్రం వస్తుందో చెబుతాడు, అంతే. శనివారం పొద్దుగూకే ముందు హైదరాబాద్ బస్సులో రేసు పుస్తకం వస్తుంది. మరునాడు మలక్‌పేటలో ఏ రేసులో ఏ గుర్రం ఉరుకుతుంది, ఎన్ని కిలోలు మోస్తుంది, పోయినసారి ఎన్ని మోసి ఎన్నోది వచ్చింది, అన్నీ అందులో ఉంటాయి. పేర్లు ఇంగ్లీషు, నాకు రావు. అంకెలు వచ్చు. మీ బాపు కండ్లకు మబ్బు కమ్మినప్పటి నుంచి నేనే చదువుతున్నాను, ఆయన కండ్లు మూసుకుని వింటాడు. మంచి గుర్రానికి ఎక్కువ బరువు, బక్క గుర్రానికి తక్కువ బరువు పెట్టి అన్నిటినీ సమానం చేస్తారట. ఆ బరువు ఎవరు పెడతారని అడిగితే "దానికోసమే ఒక ఆఫీసరు ఉంటడు" అన్నాడు. ఆ ఆఫీసరు మీద నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. ఒకదాని వీపు మీద ఎక్కువ బరువు పెట్టి, ఇదే సమానం అంటే ఎట్లా నమ్మేది?

మీ బాపు ముప్పై ఏండ్లు బావిలో బొగ్గు టబ్బులు లాగే ఇంజను నడిపాడు గదా. ఎంత బరువు కడితే ఎత్తు మీద తాడు ఎట్లా గుంజుతుందో ఆయన చేతికి తెలుసు. అదే లెక్క గుర్రాలకు వేస్తాడు. "పోయినసారి యాభై ఎనిమిది మోసి రెండోది వచ్చింది. ఈసారి యాభై రెండే. ఆరు కిలోలు దిగింది. ఇదే రావాలె" అంటాడు. ఏదీ లెక్కకు కుదరకపోతే "ఈ రేసు ఇడిసిపెట్టుండ్రి" అంటాడు. ఆ మాట అన్నాడంటే కాలనీలో ఎవరూ ఆ రేసు ముట్టరు. చెప్పినందుకు చాయ తప్ప ఏదీ తీసుకోడు.

జమునా, ఇక్కడి నుంచి గట్టిగా చదవకు. అల్లుడు డ్యూటీకి పోయాక, మీ అత్త గుడికి పోయాక, తలుపు దగ్గరికి వేసి బాపు చెవి దగ్గర చదువు.

బాపూ, దసరాకు ముందు లింగమూర్తి మూడుసార్లు మన గేటు దాకా వచ్చాడు. బజార్లో చాయ హోటలు పెట్టుకుని, వెనుక అర్రలో పందేలు రాసుకునే మనిషికి నీతో ఏం పని? నేను బయటికి రాగానే ఇద్దరూ మాట ఆపారు. మూడోసారి నీ చేతిలో మడిచిన కాగితం పెట్టాడు, నువ్వు జేబులో వేసుకున్నావు. అడిగితే "ఏం లేదు తియ్" అన్నావు. ఏం లేకపోతే కాగితం ఎందుకు? ఆయన చెప్పిన గుర్రాన్ని నువ్వు మనోళ్లకు చెబుతున్నావేమో, మనోళ్లు ఓడిపోతే నీకు వాటా ఉందేమో అని నా మనసులో పడింది. పడిన తర్వాత పోలేదు.

అప్పుడే శనివారం మధ్యాహ్నం, నిన్ను కాకా అని పిలిచే కొమురెల్లి పెండ్లాం తిరుమల వచ్చింది. పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది.

"అత్తా, కంపెనీ ఇచ్చిన లాభాల వాటా మొత్తం రేపు నాలుగో రేసుల పెడ్తడట. ఇంటి మీద రేకులు ఏసుకుందామనుకున్నం. మామ చెప్తె ఇంటడు. మామకు నువ్వు చెప్పు."

చెబుతానన్నాను. నీకు చెప్పలేదు. లింగమూర్తితో కలిసినవాడికి చెబితే ఏం లాభం అనుకున్నాను. నేనే ఒక ఉపాయం పన్నాను.

ఆ సాయంత్రం పుస్తకం చదువుతుంటే నాలుగో రేసు వచ్చింది. ఆరో నంబరు గుర్రం పోయినసారి యాభై ఏడు మోసి రెండోది వచ్చింది. ఈసారి యాభై ఒకటే. నీతో ఇన్నేండ్లు చదివాక ఆ మాత్రం నాకూ తెలుస్తుంది, నువ్వు దాన్నే చెబుతావని. యాభై ఒకటిని యాభై తొమ్మిది అని చదివాను. ఆ గుర్రం పోతే నీ లెక్క కుదరదని, రేసు వదిలేయమంటావని, కొమురెల్లి పైసలు ఇంట్లోనే ఉంటాయని అనుకున్నాను.

నువ్వు చాలాసేపు కండ్లు మూసుకున్నావు. గద్దె మీద కొమురెల్లి, బుచ్చన్న, ఇంకా నలుగురు కూర్చుని ఉన్నారు.

"ఆరుకు బరువు ఎక్కింది, అది రాదు. అదొక్కటే దీనికి అడ్డం ఉండె. ఇగ రెండో నంబరే. కండ్లు మూసుకుని పెట్టుండ్రి."

అప్పుడే చెప్పవలసింది. కానీ నువ్వు అంత గట్టిగా అనేసరికి, లింగమూర్తి కాగితంలో ఉన్న నంబరు ఇదేనా అని మళ్లీ అనుమానం పుట్టింది. నోరు మూసుకుని ఐదో రేసు చదివాను.

తర్వాతి సంగతి నీకు తెలుసు. ఆరో నంబరే ముందు వచ్చింది. రెండోది వెనుక నుంచి మూడోది. సోమవారం కొమురెల్లి వచ్చి మన గేటు తన్నాడు.

"పుస్తకంల యాభై ఒకటి అని అచ్చయి ఉన్నది, నేను సదివించిన. నువ్వేమో బరువు ఎక్కింది అన్నవ్. లింగమూర్తి ఎంత ఇచ్చిండు కాకా?"

నువ్వు నా వైపు చూడలేదు. చూస్తావేమోనని తలుపు వెనుక నిలబడ్డాను. "నా లెక్కనే తప్పింది బిడ్డా. యాదిల ఉంచుకోలేకపోయిన" అన్నావు. నేను చదివానని కూడా చెప్పలేదు. వారం తర్వాత నువ్వు బస్సెక్కుతుంటే బస్టాండులో వాడు మళ్లీ "కండ్ల ఆపరేషన్ కూడ లింగమూర్తి లెక్కల్నేనా?" అన్నాడు. నువ్వు కిటికీ అవతలికి తిరిగి కూర్చున్నావు.

నువ్వు పోయాక నీ అంగీ ఉతకబోతుంటే జేబులో ఆ కాగితం దొరికింది. తెలుగులోనే ఉంది. కంటి దవాఖాన పేరు, దిల్‌సుఖ్‌నగర్ దాటాక ఎక్కడ దిగాలో, ఏ డాక్టరును అడగాలో రాసి ఉంది. హోటలుకు పోయి అడిగాను. "మా అవ్వకు గక్కడనే చేయించినం. ఖరారైనంక చెప్తా, ముందుగాల చెప్తె సమ్మవ్వ ఫికర్ జేస్తది అన్నడు కాక" అన్నాడు లింగమూర్తి. చాయ ఇచ్చాడు. తాగలేకపోయాను.

మొన్న నల్లా దగ్గర పక్కింటి కనకవ్వ "అందరు అంటున్నరక్కా, సదయ్య బావ అమ్ముడుపోయిండని" అన్నది. బిందె అక్కడే పెట్టి కొట్లాటకు దిగాను. సగం దాకా కొట్లాడి ఆగిపోయాను. వాళ్లంతా ఇప్పుడు అంటున్న మాట, వాళ్లకంటే ముందు అనుకున్నది నేను. నీ అన్నం తింటూ, నీ పక్కన కూర్చుని చదువుతూ అనుకున్నాను.

ఈ పొద్దున ఆరున్నరకు డ్యూటీ బస్సు ఆగే చోటికి పోయాను. మొదటి షిఫ్టు వాళ్లంతా టిఫిన్ డబ్బాలు పట్టుకుని నిలబడ్డారు.

"కొమురెల్లీ, మీ కాక తప్పు చెప్పలె. నేను తప్పు సదివిన."

"నీకు అంకెలు రావా చిన్నమ్మా?"

"వస్తయి. తెలిసే తప్పు సదివిన. నువ్వు పైసలు పెట్టొద్దని."

బుచ్చన్న నవ్వాడు. "ఇన్నేండ్లు గుర్రం ఎన్ని కిలోలు, గుర్రం ఎన్ని కిలోలు అని సూసినం. సదివే మనిషిని తూకం ఎయ్యకపోతిమి!"

కొమురెల్లి నవ్వలేదు. "నా రేకులు నువ్వు పోగొట్టినవా?" అన్నాడు. "నేనే" అన్నాను. తిట్టాడు. ఆ మాటలు జమున నోటితో చదివించలేను. అందరి ముందు తిట్టాడు, నేను తల వంచుకుని విన్నాను. బస్సు వచ్చింది. మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగాడు.

"కాకకు ఎరుకేనా?"

"ఎరుక లేదు."

"మరి ఆయనకు చెప్పకుంట ముందుగాల మాకెందుకు చెప్పినవ్?"

"మీరు తిడతరు గనుక."

వాడు ఎక్కాడు. బస్సు పోయింది.

బాపూ, అదే నా భయం. నువ్వు తిట్టవు. పెండ్లయిన కొత్తలో నేను నీ డ్యూటీ బూట్లు పొయ్యిలో కాల్చినా తిట్టలేదు. ఊరుకుంటావు. ఈ కాగితం విని కూడా "కానీ తియ్, ఫికర్ జెయ్యకు" అని జమునతో రాయిస్తావు. ఆ ఉత్తరం నేను నమ్మను. నువ్వు ఏదో అంటే జమున మంచి చేసి రాసిందని అనుమానపడుతూ కూర్చుంటాను.

అందుకని ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు శివ ఫోను నా దగ్గర పెట్టుకుని ఉంటాను. నువ్వే చెయ్యి. మంచీ చెడూ అడగకు. నేను లింగమూర్తితో కలిసినవాడినని అనుకున్నావు గదనే అని నీ నోటితో తిట్టు. సగంలో ఆపకు, నేను మధ్యలో మాట్లాడను. కాకపోతే మరీ గట్టిగా అరవకు. కంటి మీద జోరు పడుతుందేమో, ముందు డాక్టరును అడుగు.

ఇట్లు,
నిన్నే అనుమానించిన నీ ఇంటిది,
జమున అవ్వ,
సమ్మవ్వ.