పిడికెడు బియ్యం సంచి

కోడేరు,
ఆగస్టు 2006

పాస్టరు అయ్యగారికి మీ సంఘపు సోదరి వందనాలు.

స్త్రీలు వంటకు ముందు దేవుని కోసం తీసిపెట్టే పిడికెడు బియ్యాన్ని ఇంటింటికీ తిరిగి తెచ్చే పని మీరు నాకు అప్పగించారు. ఆ సంచి ఇక వేరేవాళ్లకివ్వండి.

పోయిన శనివారం మా తమ్ముడు కల్లు దుకాణంలో పడిపోతే, లోపలికి వెళ్లి లేపి తీసుకొచ్చాను. వాడి సీసాలోని కల్లు నా చీర మీద ఒలికింది. మార్చుకోవాలన్న బుద్ధి పుట్టలేదు. పొద్దుగూకుతోందని అలాగే సంచి పట్టుకుని బియ్యానికి బయలుదేరాను. ప్రతి గడపలోనూ వాసన కొట్టే ఉంటుంది. నన్నెవరూ అడగలేదు. ఆదివారానికల్లా నేను తాగుతానని ఊరంతా చెప్పుకుంది.

నన్నన్నందుకు ఎలాగో ఓర్చుకుంటాను. కానీ పక్కింటి జములమ్మ, ఏళ్ల తరబడి నన్ను గమనించి, ఈ నెల బాప్తిస్మానికి ఒప్పుకున్న మనిషి. నిన్న నన్ను వాకిట్లోనే నిలబెట్టి, "నిన్ను చూసే వస్తనన్న. నువ్వే గిట్లయితే నాకెందుకక్కా ఆ బాప్తిస్మం?" అంది. జరిగింది చెప్పాను. "తాగినోళ్లంతా గట్లనే అంటరు" అని తలుపేసుకుంది.

వింటుందన్న నమ్మకం నాకు లేదు. అయినా మీరొకసారి వచ్చి ఆమెతో మాట్లాడండి. నేను రమ్మన్నానని మాత్రం చెప్పకండి. నా పేరు వింటే మీకూ తలుపు తీయదు.