వేల్స్ బీచ్‌లో లేబర్ ఉంటారా

బాపూ,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఇది నీకు చేరదని తెలుసు. అయినా ఇవాళ మనసంతా రోతగా ఉంది, ఇంకెవరికీ చెప్పబుద్ధి కావడం లేదు.

నువ్వు పనిచేసిన ఈ అరబ్బు దేశంలోనే, ఉమ్ ఘువైలినాలో నేను పనిచేసే ట్రావెల్స్ వాళ్ళు పోయిన నెల నన్ను వేల్స్ పంపారు, చూసొచ్చి కస్టమర్లకు చెప్పడానికి. అక్కడ పచ్చటి కొండ అంచు దిగితే కనుచూపు మేరంతా తడి ఇసుక. గేటు లేదు. నీతో ఎవరొచ్చారని అడిగేవాడూ లేడు.

ఇవాళ మా ఆఫీసుకొచ్చిన ఒక తెలుగావిడ ఆ బీచ్ ఫోటోలు చూసి మురిసిపోయింది. తర్వాత గొంతు తగ్గించి, "అక్కడ లేబర్ జనం ఉండరు కదమ్మా? ఇక్కడ శుక్రవారం సెలవని బయట తిరిగే వాళ్ళను చూస్తేనే నాకు ఒకలా ఉంటుంది" అంది.

నువ్వొకసారి బర్వా లేబర్ క్యాంపులోని మీ రూం నుంచి ఇస్త్రీ చొక్కా వేసుకొని బీచ్‌కు పోతే, ఇవాళ ఫ్యామిలీలకేనని గేటు దగ్గరే తిప్పి పంపారు. "నా ఫ్యామిలీ ఊర్లున్నదని చెప్పిన బిడ్డా, ఇనలే" అని ఫోన్‌లో నవ్వావు. నేనూ నవ్వాను. ఇవాళ అది గుర్తొచ్చింది.

"లేబర్ ఉండరండీ. ఒక లేబర్ కూతురు మాత్రం మొన్న వెళ్ళొచ్చింది. ఈ ఫోటోలు తీసింది ఆమే" అన్నాను.

ఆవిడ బ్యాగు తీసుకొని లేచిపోయింది. రేపు ఫోన్ చేసి సారీ చెప్పమన్నాడు మేనేజర్. ఉద్యోగం పోతే పోనీ అనలేను బాపూ, తమ్ముడి చదువు దీని మీదే నడుస్తోంది.

కానీ సారీ చెప్పను.