నాలుగు నెలల అనుమానం

చిరంజీవి బుల్లికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ, మీ నాన్నా, అమ్మమ్మా బాగానే ఉన్నాం. నువ్వూ బాగున్నావని రాశావు గానీ, ఆ ఒక్క వాక్యంలో నీ చేతిరాత మరీ గుండ్రంగా ఉంది. అబద్ధం రాసేటప్పుడే నీ అక్షరాలు అంత ముద్దుగా వస్తాయి.

నువ్వడిగినవాటికి జవాబులు. నాన్న మోకాలు నయమే, మళ్ళీ బస్సు నడుపుతున్నారు. నా కుట్టుమిషను మోటారు మార్పించాను. రోజంతా ఆపదలో ఉన్నవాళ్ళ ఫోన్లు ఎత్తి అంబులెన్సులు పంపే నీకు, ఇంట్లో ఫోను మోగినా గుండె దడదడలాడుతోందనీ, అందుకే ఉత్తరాలు రాస్తున్నాననీ అన్నావు. సరే, ఉత్తరాలే రాసుకుందాం. "ఇది ఉత్తరమా, నీ కొలతల పుస్తకమా?" అని మీ నాన్న నా రాత చూసి నవ్వుతున్నారు.

ఆఫీసు విచారణలో నీ తప్పేమీ లేదని తేల్చారని రాశావు. ఆ మాట కాగితం మీద ఇచ్చారా, నోటితో అన్నారా? నోటితో అయితే నేను నమ్మను. సంతకం పెట్టించి తీసుకో.

నీ దగ్గర పది రోజులుంటానని వచ్చి ఐదో రోజే ఎందుకు వెళ్ళిపోయావని అడిగావు. బడి యూనిఫారాలు అర్జెంటుగా కుట్టాలని అప్పుడే చెప్పాను కదా. ఆ సంగతి కాస్త ఆగి రాస్తాను. ముందు మొదటి రోజు నుంచి చెప్పనీ.

నీ గదికి వచ్చిన రోజే, బట్టలు మడతపెట్టి సర్దుదామని అలమర తెరిచాను. నాలుగు నెలల కిందట నేను పంపిన ప్యాడ్ల ప్యాకెట్టు అడుగున ఉంది. అంటించింది అంటించినట్టే ఉంది. వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాను. నీతో గదిలో ఉండే నర్సింగు పిల్లని మెల్లిగా కూపీ లాగాను.

"దానికి ఒంట్లో బాగానే ఉంటోందా అమ్మా?"

"దాన్నే అడగండి ఆంటీ," అంటూ ఆ పిల్ల చెప్పులేసుకుని బయటపడింది. పోయేటప్పుడు నా మొహంకేసి చూడలేదు. దాంతో నా అనుమానం గట్టిపడింది.

ఆపైన, నువ్వు ఫోనెత్తగానే పిలిచే ఆ "సారు". రోజుకి రెండుసార్లు ఫోను. నువ్వు ఉలిక్కిపడి లేచి, బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేదానివి. తిరిగొచ్చేసరికి పెదాలు పాలిపోయి ఉండేవి. "ఎవరే?" అంటే "ఆఫీసమ్మా" అనేదానివి. ఆఫీసువాళ్ళతో అంత గుసగుసలేమిటని పళ్ళు నూరుకున్నాను. నువ్వు కంచంలో కెలికి లేచిపోతే వేవిళ్ళనుకున్నాను. పట్టపగలు కళ్ళు మూతలు పడుతుంటే ఇంకేముంది, అదే అనుకున్నాను. నీ స్కర్టు సరిచేద్దామని టేపు పెడితే నడుము రెండంగుళాలు తగ్గింది. ముప్పై ఏళ్ళుగా జనం నడుములు కొలుస్తున్నదాన్ని, నాలుగు నెలల కడుపు అలా ఉండదని నాకు తెలియదా? అనుమానం తలకెక్కాక చేతిలో ఉన్న టేపు కూడా కనబడలేదు.

ఐదో రోజు పొద్దున బ్యాంకుకని చెప్పి బయల్దేరావు. బ్యాంకు కుడివైపు. నువ్వు ఎడమవైపు తిరగడం కిటికీలోంచి చూశాను.

నీ ఉత్తరం చివర ఒక మాట అడిగావు, "ఆ రోజు క్లినిక్‌లోంచి నీలా నడిచే ఆవిడ ఒకరు వెళ్ళిపోతుంటే చూశాను. నువ్వేనా?" అని.

నేనే బుల్లీ.

నిన్ను చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొద్దామనే నీ వెనక వచ్చాను. ఇక దాచను. డాక్టరమ్మ గదికీ బయటి కుర్చీలకీ మధ్య పల్చటి చెక్క అడ్డం. దానికి ఆనుకుని, చివరి వరసలో కూర్చున్నాను.

"పరీక్షలో గర్భమేం లేదు," అందావిడ.

"ఉండదని నాకు తెలుసు డాక్టర్."

"నాలుగు నెలల కిందట ఏదైనా జరిగిందా?"

అంతా చెప్పావు. భార్య కుప్పకూలిందని ఒక పెద్దాయన ఫోను చేశాడనీ, కంగారులో వీధి పేరు తప్పు చెప్పాడనీ, బండి చేరేదాకా పంతొమ్మిది నిమిషాలు నువ్వు ఆయనతోనే మాట్లాడుతూ ఉన్నావనీ, చేరేసరికి ఆవిడ ప్రాణం పోయిందనీ. విచారణ చేసే సారు ఆ ఫోను రికార్డింగే మళ్ళీ మళ్ళీ వినిపించి, ఇక్కడెందుకు ఆగావు, ఇక్కడెందుకు తడబడ్డావు అని నిలదీస్తున్నాడనీ.

"నిద్ర లేదు, తిండి లేదు, రోజూ భయం," అంది డాక్టరమ్మ. "అలాంటప్పుడు నెలసరిని నడిపించే సంకేతాల్ని మెదడు తగ్గించేస్తుంది. నీ ఈడు పిల్లల్లో చూస్తూనే ఉంటాను. అలాగని ఒత్తిడేనని ఊరికే తేల్చెయ్యను. థైరాయిడ్, రక్తం, మిగతావీ చూద్దాం. మీ అమ్మకి చెప్పావా?"

"అమ్మ ముందు అనుమానిస్తుంది డాక్టర్. తర్వాతే వింటుంది."

లోపలికొచ్చి నీ చెయ్యి పట్టుకోవాల్సింది. నీకు మొహం చూపించలేక, యూనిఫారాల వంక పెట్టి బస్సెక్కాను.

నీకు ఎన్నడూ చెప్పని సంగతి ఇంకొకటుంది. పంతొమ్మిదేళ్ళప్పుడు రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో చేరాను. గంటకి ఇన్ని కాలర్లు కుట్టి తీరాలి. బాత్రూముకి లేచినా సూపర్‌వైజరు గడియారం చూసేవాడు. నాకు మూడు నెలలు నెలసరి రాలేదు. అమ్మమ్మ నన్ను మంత్రసాని దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ చేతులు ఒంటిమీద పడుతుంటే గోడకేసి చూస్తూ ఒట్టు పెట్టుకున్నాను, నా కూతురికి ఇలా చెయ్యనని. ఏమీ లేదని తేలాక అమ్మమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

మొన్న అడిగాను. అమ్మమ్మ బఠాణీలు ఒలుస్తోంది.

"ఆవాళ అలా ఎందుకు చేశావమ్మా?"

చేతులు ఆగిపోయాయి. "దారంతా నీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, గుర్తుందా?"

"పారిపోతానని కదా?"

"కాదే. నాకు కాళ్ళాడలేదు. నిన్ను పట్టుకునే నడిచాను." తలెత్తకుండానే అంది: "నిన్నే అడగాల్సింది. అడగడానికి భయమేసింది."

ఆ ముక్క అనడానికి మా అమ్మకి ముప్పై రెండేళ్ళు పట్టింది. నేను అంతకాలం ఆగను. తప్పు నాదే బుల్లీ. నిన్నే అడగాల్సింది.

రక్తం కాస్త తక్కువుంది తప్ప మిగతా పరీక్షలు బాగున్నాయనీ, కౌన్సెలరు దగ్గరికి వెళ్తున్నాననీ, రెండు వారాలు సెలవిచ్చారనీ రాశావు. నెలసరి ఇంకా రాలేదన్నావు. వచ్చినప్పుడు చెప్పాలనిపిస్తే చెప్పు, నేను మాత్రం అడగను. అడక్కుండా ఉండడం నాకెంత కష్టమో మీ నాన్నకి తెలుసు. ఆ పెద్దాయన పంతొమ్మిది నిమిషాలూ నీతో ఏం మాట్లాడాడో చెప్పుకోవాలనిపిస్తే ఎంతసేపైనా వింటాను.

వచ్చే శనివారం మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలి కదా. రమ్మంటే వస్తాను. లోపలికి వద్దంటే బయటే కూర్చుంటాను. తలుపు తియ్యగానే నీకు కనబడేలా, మొదటి వరసలో.

ఇట్లు,
నువ్వు పిలిస్తేనే వచ్చే
మీ అమ్మ