తుప్పు మరకల పొడి

ప్రియమైన మా కుట్టుమిషను మహారాణికి,

నీ ఉత్తరం అందింది. ఇనప మేకులకి తగిలించిన డాక్టర్ల తెల్లకోట్లకి తుప్పు మరకలు పడ్డాయనీ, వారంలోగా పోకపోతే పనిలోంచి తీసేస్తానని మీ యజమానురాలు అందనీ రాశావు. ఏడుస్తూ కూర్చోకు. మొగుడు లాండ్రీలో ఎందుకున్నాడనుకున్నావు?

మా వ్యాను డ్రైవరు చేతికి ఒక డబ్బా ఇచ్చాను. అందులోది సోడియం బైఫ్లోరైడు. చూడ్డానికి ఉప్పులా అమాయకంగా ఉంటుంది. ఆస్పత్రి దుప్పట్లు ఉతికాక సోడా ఘాటు విరగడానికి ఆఖరి నీళ్ళలో ఇదే వేస్తాం. తడిపి తుప్పు మీద రాస్తే మరక అక్కడికక్కడే పోతుంది. కానీ తడి తగిలిందంటే ఇది యాసిడ్. గాజునే తినేస్తుంది, అందుకే ప్లాస్టిక్ డబ్బాలో పంపాను. ప్రతిదీ సీసాల్లో పోసుకునే నీ అలవాటు దీని మీద చూపించకు. చంటిదానికి అందనివ్వకు. డబ్బాతో పంపిన రబ్బరు గ్లవ్స్ వేసుకోకుండా మూత కూడా తియ్యొద్దు. నాకు వేరే జత ఇస్తారులే.

నీ మొగుడు, మరకల డాక్టరు

---

ఏమండీ,

డబ్బా అందింది. మరకలన్నీ పోయాయి. యజమానురాలు కోట్లని వెలుతురులో తిప్పి తిప్పి చూసి, మడతపెట్టి లోపల పెట్టుకుంది. గండం గడిచింది.

మీ గ్లవ్స్ చూసి చంటిది "నాన్న చేతులు వచ్చాయి" అని ఒకటే గంతులు. బొటనవేలు దగ్గర సైకిలు ట్యూబు అతుకుంది. మీరు వాడుకునేవే పంపేశారు కదూ? కొత్తవి ఇచ్చారా లేదా? నిజం రాయండి.

ఇట్లు,
మీ ఆవిడ

---

బంగారం,

నీ పని నిలబడింది, నాకదే చాలు.

కొత్త గ్లవ్స్ సరుకు రాగానే ఇస్తానన్నాడు సూపర్‌వైజరు. అందాకా చేతికి ప్లాస్టిక్ సంచి కట్టుకుని లాగించేస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయని కంగారుపడకు. ఆ పొడి కలిపిన నీళ్ళు చింది కళ్ళజోడు అద్దం మసకబారింది, ఎంత తుడిచినా పోవడం లేదు. కుడి చూపుడువేలి కొస కాస్త తెల్లబడింది. పనిలో ఏమీ తెలియదు, గదికొచ్చాక మాత్రం ఎముకలోకి సూది దింపినట్టుంటుంది. మొన్న ఇక్కడి కాంపౌండరుకి చూపిస్తే నీళ్ళలో నానిందని ఏదో లేపనం ఇచ్చాడు. అదే తగ్గుతుందిలే.

నీ వాడు

---

ఏమండీ,

మీకు దండం పెడతాను, ఇది చదువుతూనే లేచి ఆస్పత్రికి వెళ్ళండి.

మీ ఉత్తరం పట్టుకుని చెప్పులైనా లేకుండా మందుల షాపుకి పరిగెత్తాను. షాపాయన చదివి కుర్చీలోంచి లేచాడు. అది పైపైన కాలదట. తోలు దాటి లోపలికి దిగి, ఎముకలో కాల్షియం లాగేస్తుందట. నొప్పి తెలిసేసరికే లోపల అంతా అయిపోతుందట. ముదిరితే గుండెకే ముప్పట. గాజుని తినేస్తుందని నాకు రాసింది మీరే కదా, మీ వేలు గాజు కంటే గట్టిదనుకున్నారా? కాల్షియం జెల్ రాయాలట. పొడి పేరు చెప్పి మరీ అడగండి.

ఇంకొకటి చెప్పకపోతే నాకు ముద్ద దిగదు. నేను ఆ డబ్బా మూతే తియ్యలేదు. ఒంటిగదిలో చంటిదాన్ని పెట్టుకుని భయమేసింది. మరకలు పడింది మేకులకి ఆనుకున్న కోటు చేతులకే కాబట్టి, వాటిని విప్పేసి మిగిలిన గుడ్డతో కొత్తవి కుట్టాను. అంత ముచ్చటపడి పంపారు, చిన్నబుచ్చుకుంటారని అబద్ధం రాశాను. మీ గ్లవ్స్ పది రోజులుగా ఊరికే నా పెట్టెలో పడున్నాయి. ఆ రోజే పంపేసి ఉంటే సరిపోయేది. పాపిష్టిదాన్ని. డ్రైవరుతో ఇప్పుడు పంపిస్తున్నాను.

మీ ఆవిడ

---

ప్రియమైన నీకు,

ఎడమచేత్తో రాస్తున్నాను, ఓపిగ్గా చదువుకో.

నీ ఉత్తరం నాకు చదివి వినిపించి, డ్రైవరే నన్ను వ్యానెక్కించాడు. పొడి పేరు చెప్పాకే డాక్టరు పరుగులు పెట్టాడు. జెల్ రాశారు, సూదులు పొడిచారు. చెయ్యి దక్కింది. చూపుడువేలు దక్కలేదు.

నిన్ను నువ్వు తిట్టుకోకు. అబద్ధం నువ్వొక్కదానివే ఆడలేదు. వేరే జత ఇస్తారులే అని రాసిననాడే స్టోరులో లేవని నాకు తెలుసు.

నేనుతికిన దుప్పటి మీదే పడుకున్నాను. మూల చిన్న తుప్పు మరక మిగిలిపోయింది.

నువ్వు పంపిన గ్లవ్స్ తలగడ పక్కనే ఉన్నాయి. నాన్న చేతులు నాన్న దగ్గరికి వచ్చేశాయని చంటిదానికి చెప్పు. వాటిలో ఒక వేలు ఇకమీదట ఖాళీగా ఉంటుందని కూడా నువ్వే ఎలాగోలా చెప్పు. నాకు చేతకాదు.

నీ వాడు